హారన్ కొట్టించిన సన్మానం

సన్మాన సంఘం వాళ్లారా, రాని కరెంటు వచ్చిందని ఊరూరా చాటింది మీరే. చేలెండితే జవాబుదారులు కూడా మీరే.

ఉద్దేశం మంచిదే. సబ్‌స్టేషన్‌కు యాభై ఏళ్లు నిండాయి. అది రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో మోటార్ల కరెంటు ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. అందుకని ఆపరేటర్ లాల్‌సాబ్ కరెంటు వదలగానే పెనుకొండ బస్సు డ్రైవర్‌కు చెప్పేవాడు. బస్సు చేల పక్కన పొడుగ్గా హారన్ కొట్టుకుంటూ పోయేది. రైతులు పరుగెత్తి మోటార్లు వేసుకునేవారు. ఆ ఉపకారం జనానికి గుర్తు చేద్దామని సంఘం అధ్యక్షుడు చెన్నకేశవులు లాల్‌సాబ్ సన్మానం రోజు పొద్దున్నే మళ్లీ బస్సు హారన్ కొట్టించాడు.

జనం మరిచిపోతే కదా గుర్తు చేసేది. నరసక్క చేలో వేరుశనగ ఊడలు దిగుతోంది. ఆ రోజు తడి పడకపోతే పంట పోయినట్టే. పొయ్యి మీద సంగటి వదిలేసి చేనికి పరుగెత్తింది. మోటారు తిరగలేదు. పక్క చేలోనూ తిరగలేదు. "మన కరెంటు హిందూపురం ఫ్యాక్టరీలకు మళ్లించినారంట" అని ఎవరో అన్నారు. ట్రాక్టర్లు నిండాయి. సబ్‌స్టేషన్ గేటుకు అడ్డంగా జనం కూర్చున్నారు. ఇదేం గొడవ అని బయటికొచ్చిన ఆపరేటర్ అరుణ బయటే చిక్కింది.

"ఏమ్మా, మా కరెంటు యాడికి పంపితివి?" నరసక్క నిలదీసింది.

"యాడికీ పంపలేదు పెద్దమ్మా. మీ వంతు పదకొండుకు."

"పదకొండు ఎప్పుడో దాటె కదా."

"నన్ను లోపలికి పోనిస్తే కదా స్విచ్ వేసేది."

"పోయి తలుపేసుకుందామనా? హారన్ కొట్టించినోడు ఈడికి రావాల. అంతవరకు లేసేది లేదు."

చెన్నకేశవులు ఎక్కడా కనిపించలేదు. లోపల ఖాళీ కుర్చీల ముందు శాలువా కప్పుకొని కూర్చున్న లాల్‌సాబే మెల్లగా నడిచొచ్చాడు.

"నేనే తల్లీ. శానా ఏండ్ల కిందట."

నరసక్క తేరిపార చూసింది. "లాల్‌సాబన్నా, నువ్వా? నీ హారన్ వినే కదా మా పిల్లోళ్లు కడుపు నిండా తినింది." చేతిలోని కట్టె పడేసి కాళ్లకు మొక్కింది.

ధర్నాకు వచ్చినవాళ్లంతా కుర్చీల్లో సర్దుకున్నారు. మైకు చేతులు మారింది. ముందు వరసలో కూర్చున్న అరుణ కూడా కళ్లు తుడుచుకుంది. స్విచ్ గుర్తొచ్చేసరికి ఆ చేల వంతు దాటిపోయింది.

సబ్‌స్టేషన్‌కు, లాల్‌సాబ్‌కు ఈ ఊరు రుణపడే ఉంది. కాదన్నవాడు లేడు. కానీ చప్పట్లకు చేను తడవదు. పోయిన వంతు ఈ సాయంత్రమే ఇచ్చి తీరాలి. వందన సమర్పణ ఆ తర్వాత పెట్టుకోండి.