ఓడ దిగని ఇళ్లు

దొరలు వెళ్లిపోయి సొంత జెండా ఎగరేసిన తొమ్మిదో నాడు, సాంతొరాన్ దీవిలో ఓడ దిగనివాళ్ల ఇళ్లన్నీ ఊగడం మొదలుపెట్టాయి. చెప్పాపెట్టకుండా ఏమీ ఊగలేదు. ఊగబోయే ఇళ్ల నంబర్లన్నీ ప్రభుత్వం వారం ముందే గెజెట్‌లో వేసింది. కొత్త దేశం కదా, ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తేల్చుకోవాలి మరి. పాత రేవు దస్తరాలు తీసి చూస్తే, చెరుకు తోటల పనికి వచ్చినవాళ్లలో నాలుగు వందల మంది ఓడ ఎక్కినట్టు ఉంది గాని దిగినట్టు లేదు. తాత దిగకపోతే మనవడూ దిగనట్టే. దిగనివాడు సముద్రం మీద ఉన్నట్టే. సముద్రం మీద ఉన్న ఇల్లు ఊగక చస్తుందా?

బొడ్డు దాలయ్య ఇల్లు సముద్రానికి ఆరు మైళ్ల దూరాన, చెరుకు మిల్లు వెనక వీధిలో ఉంది. పొద్దున కొంచెం, మధ్యాహ్నం బాగా ఊగేది. పక్కనే ఉన్న చీనా దర్జీ ఇల్లు మాత్రం కదిలేది కాదు. వాళ్ల తాత దిగి వేలిముద్ర వేశాడు. దాలయ్య భార్య పైడమ్మ కుండలన్నీ ఉట్టెక్కించింది. రేడియోలో వార్తలయ్యాక ఓడ మీది గృహస్థులకు అలల సూచన చెప్పేవారు. తాడు నిచ్చెన వెయ్యందే పోస్టుమాన్ గుమ్మం ఎక్కేవాడు కాదు.

ఇవన్నీ ఎలాగో భరించవచ్చు. కాని పైడమ్మకు ఎనిమిదో నెల. ఓడ మీద పుట్టిన బిడ్డ, ఆ ఓడ ఏ దేశానిదైతే ఆ దేశపు బిడ్డ. ఆ ఓడేమో దొరలది, దాన్ని ఎప్పుడో ముక్కలు చేసి పాత ఇనుము కింద అమ్మేశారు. అంటే పుట్టబోయే బిడ్డకు ఏ దేశమూ ఉండదు. బడి ఉండదు, ఆస్పత్రి ఉండదు, ఓటు సంగతి సరేసరి. దాలయ్య హడలిపోయి, తల్లి నూకాలమ్మను వెంటబెట్టుకుని ఒడ్డు శాఖ కార్యాలయానికి పరుగెత్తాడు.

అక్కడి అధికారి అసిరినాయుడూ తెలుగువాడే. ఆయన పూర్వీకులు వచ్చింది వేరే ఓడ, అందుకని ఆయన కుర్చీ నిలకడగా ఉంది.

"మీ మావగారు వేలిముద్ర ఎందుకు వెయ్యలేదమ్మా?" అని నూకాలమ్మను మర్యాదగానే అడిగాడు.

"వర్జం, బాబూ. ఓడ రేవుకొచ్చేసరికి వర్జం నడస్తంది. కొత్త నేల మీద వర్జంలో కాలెట్టకూడదని మనోళ్లంతా మూటల మీద కూకుండిపోనారు. మిగతా జనం దిగిపోనారు. మంచి గడియొచ్చి మనోళ్లు దిగేతలికి, దొర దస్తరం మూసేసి టీ తాగడానికి ఎల్లిపోనాడంట."

"మంచి గడియేనా?"

"బెమ్మాండమైన గడియ, బాబూ."

అసిరినాయుడు అదీ రాసుకున్నాడు. తరవాత, దిగవలసిన ఆ మావగారిని, ఎర్రయ్యగారిని తీసుకురమ్మన్నాడు.

"ఆయన పోయి పాతికేళ్లయింది. మిల్లెనకాలే కప్పెట్టినాం."

"ఓడ దిగని మనిషిని నేలలో ఎలా కప్పెట్టారమ్మా? అది ఇంకో కేసవుతుంది. నేను విననట్టే ఉంటాలెండి."

మంచివాడు పాపం. చనిపోయినవాళ్ల తరఫున ఇంటివాళ్లు దిగవచ్చని ఒక నిబంధన కూడా వెతికిపెట్టాడు. కార్యాలయం పెరట్లో చెక్క వేదిక ఒకటి ఉంది. వెనక నుంచి ఎక్కి, ముందువైపు ఏడు మెట్లు దిగి, సంతకం పెడితే చాలు. మెట్ల వరస ఒక్కటే కావడంతో దాలయ్యకు వచ్చే నెల ఇరవై రెండున వంతు వచ్చింది.

"అందాకా నొప్పులు ఆగమంటే ఆగుతాయా, బాబూ?" అంది నూకాలమ్మ.

"ఆపమని మా శాఖ ఎప్పుడూ అనదమ్మా," అన్నాడు అసిరినాయుడు.

ఇరవై రెండు ఇంకా నాలుగు రోజులుందనగా, అలలు జోరుగా ఉన్న మధ్యాహ్నం పైడమ్మ ఆడపిల్లను కన్నది. మంత్రసాని నడుముకు తాడు కట్టుకుని, ఆ కొస స్తంభానికి బిగించి మరీ పురుడు పోసింది. జనన పత్రంలో పుట్టిన చోటు అన్న గడిలో 'మార్గమధ్యం' అని రాయించింది.

ఇరవై రెండున దాలయ్య, నూకాలమ్మ వేదిక ఎక్కి దిగారు. బ్యాండు జాతీయగీతం వాయించింది. బాలింతరాలు పైడమ్మ పిల్లను ఎత్తుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతుంటే అసిరినాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాప దిగడం కుదరదమ్మా. ఓడ దస్తరంలో పేరు లేదు. ఎక్కని మనిషి దిగినట్టు ఎలా రాయను?"

"ఎక్కకపోతే మరి ఇది ఎక్కడున్నట్టండి?" అంది పైడమ్మ.

"సముద్రం మీదే."

"ఓడ లేకుండానా?"

"ఓడ లేకుండానే."

పైడమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఇది నా కడుపున పుట్టిందా, నీ దస్తరంలో పుట్టిందా?" అని అందరి ముందూ అరిచింది. ఆయనకు కోపం రాలేదు. పద్దెనిమిదేళ్లు నిండాక పిల్ల స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నాడు.

"అందాకా?" అన్నాడు దాలయ్య.

"అందాకా నీళ్లలో పడకుండా చూసుకోండి."

వెనక జనం తొందరపెడుతున్నారు. పైడమ్మ పిల్లను వేదిక పక్కగా వచ్చి నిలబడ్డ అత్తగారికి అందించి, ఏడుస్తూనే ఏడు మెట్లూ దిగి సంతకం పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి ఇల్లు కదలకుండా నిలబడి ఉంది. పాపను పడుకోబెట్టగానే ఉయ్యాల ఒక్కటీ దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. ఊపే పనే లేదు, ఎంత అదృష్టవంతురాలివే అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు పైడమ్మను మెచ్చుకున్నారు. ఆ వీధిలో ఇప్పుడు అలాంటి ఉయ్యాలలు పదకొండు ఉన్నాయి. అంట్లు తోముతున్నా, కూర తరుగుతున్నా పైడమ్మ చీర కొంగు కొస పాప నడుముకు కట్టే ఉంటుంది. ఎవరైనా అడిగితే, అలవాటైపోయిందమ్మా అంటుంది.