కౌగిలి స్వామి అప్పీలు

ఒక పెద్ద అడవిలో వైద్యుడు లేని లోటు ఎవరికీ తెలిసేది కాదు. అక్కడ ఎలుగుబంటి స్వామి ఉండేవాడు మరి.

ఆయన స్వామి కావడం వెనక పెద్ద తపస్సేమీ లేదు. ఒకనాడు తన తేనెపట్టు దొంగిలించిన కోతిని పట్టుకుని, కోపం కొద్దీ గట్టిగా నలిపేశాడు. ఆ వేళకి దాని గొంతులో అడ్డుపడి ఉన్న నేరేడు గింజ కాస్తా ఎగిరి బయట పడింది. కోతి బతికిపోయి, ఆ మహిమ గురించి చెట్టుచెట్టుకీ వెళ్ళి చెప్పింది. అప్పటినుంచి ఏ రోగానికైనా స్వామివారి కౌగిలే మందు.

ఆ అడవిలోనే గంతులయ్య అనే కుందేలుకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎవరో తలుచుకుంటున్నారులే అని మొదట ఇంటిల్లపాదీ ఊరుకున్నారు. ఎంతకీ తగ్గకపోయేసరికి, తలుచుకునేవాళ్ళకి మాత్రం వేరే పనులుండవా అని అనుమానం వచ్చింది.

"స్వామి దగ్గరికి తీసుకెళదాం" అంది గంతులయ్య తల్లి.

"ఎక్కిళ్ళకి స్వామెందుకు అత్తా? కాసిని నీళ్ళు తాగిస్తే పోతాయి" అంది పెళ్ళాం దూదమ్మ.

అత్త వినలేదు. దూదమ్మ నీళ్ళకోసం ఏటికి వెళ్ళి వచ్చేలోపు కౌగిలి జరిగిపోయింది. ఎక్కిళ్ళు ఆగాయి. ఊపిరి కూడా ఆగింది.

"రోగం కుదిరింది. మిగతాది వాడి ప్రాప్తం" అన్నాడు స్వామి.

దూదమ్మ ఏడుస్తూ కూర్చోలేదు, కేసు పెట్టింది. కింది కోర్టులో కొంగగారు ఒంటికాలి మీద విచారించి, చనిపోయినవాడి పక్కటెముకలు పరీక్ష చేయించి, స్వామికి గుహలో ఖైదు, తేనె బంద్ అని శిక్ష వేశారు. ఖైదుకి తట్టుకున్న స్వామి తేనె మాటకి తట్టుకోలేకపోయాడు. వెంటనే పెద్ద కోర్టుకి అప్పీలు చేసుకున్నాడు.

పెద్ద కోర్టు న్యాయమూర్తి ఏనుగు. ఆయన మెడలో ఎలుగు వెంట్రుక తాయెత్తు ఉంది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి సర్కారు వకీలు తాబేలు ఇంకా దారిలోనే ఉంది.

స్వామి తరఫు లాయరు ఊసరవెల్లి రంగనాథం లేచాడు. అప్పుడు ఆకుపచ్చగా ఉన్నాడు.

"మహాప్రభో! మా స్వామివారి కౌగిలిలో ఏ మహిమా లేదు. ఏమీ లేని కౌగిలి ఒక ప్రాణాన్ని ఎలా తీస్తుంది?"

వెనకనుంచి స్వామి గుర్రుమన్నాడు. భక్తులు గుసగుసలాడారు. రంగనాథం ఎర్రబడ్డాడు.

"అంటే, చంపే మహిమ లేదని నా మనవి. బతికించే మహిమ బోలెడుంది."

"మరి వాడు ఎలా చచ్చాడయ్యా?" అంది ఏనుగు.

"అపనమ్మకం వల్ల మహాప్రభో! పెళ్ళానికి నమ్మకం లేదు. ఆ అపనమ్మకం వెళ్ళి మహిమకి అడ్డుపడింది. అడ్డుపడ్డ మహిమ ఎదురుతిరిగింది."

"ఆవిడ ఏటి దగ్గర ఉందంటున్నారే?"

"అపనమ్మకానికి దూరాభారం లేదు ప్రభూ. కొండ అవతల ఉన్నా తగులుతుంది."

ఏనుగు దూదమ్మ వైపు తిరిగింది. "ఏమ్మా, నీకు స్వామి మీద నమ్మకం ఉందా?"

"లేదయ్యా" అంది దూదమ్మ.

"చూశారా, ఒప్పుకుంది!" అని అరిచాడు రంగనాథం.

"అయ్యా, మా ఆయనకి ఎముకలు విరిగాయి. నా అపనమ్మకానికి చేతులున్నాయా?" అని అడిగింది దూదమ్మ.

ఏనుగు మెల్లగా తలూపింది. దూదమ్మకి ప్రాణం లేచొచ్చింది. పాపం, ఏనుగులు ఊరికే కూడా తలూపుతాయని ఆమెకి తెలియదు.

భోజనాల తర్వాత తీర్పు వచ్చింది. స్వామి నిర్దోషి. అపనమ్మకం గలవారు అడవిలో ఎంత దూరాన ఉన్నా స్వామివారి కౌగిలి ప్రాణాంతకం కాగలదని కోర్టు నమ్ముతోంది. చావుకి కారణం దూదమ్మే అయినా, విధవరాలు కాబట్టి దయతో వదిలేస్తున్నాం.

భక్తులు స్వామిని ఊరేగించారు. దూదమ్మని చూస్తే జింకలు కూడా పక్కకి తప్పుకున్నాయి. అత్తయితే లేచినప్పటినుంచి పడుకునేదాకా "మొగుణ్ణి మింగినదానా" అనే పిలిచేది. ఆ మాట పడ్డ ప్రతిసారీ దూదమ్మకి గుండె మండేది. కానీ కూతురు చిట్టి మొహం చూసి నోరు నొక్కుకునేది.

ఇలా ఉండగా చిట్టికి ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

దూదమ్మ మేతకి వెళ్ళిన సమయం చూసి, అత్త పిల్లని చంకనేసుకుని స్వామి దగ్గరికి బయల్దేరింది. సంగతి తెలిసి దూదమ్మ పరుగెత్తిన పరుగు ఏ పులికీ అందేది కాదు. చేరేసరికి స్వామి రెండు చేతులూ చాచి ఉన్నాడు. మధ్యలో చిట్టి "హిక్" అంటూ నిలబడి ఉంది.

"ఆగు స్వామీ! నాకు నమ్మకం లేదు" అంది దూదమ్మ.

భక్తులు గోలపెట్టారు. స్వామి విసుక్కున్నాడు. "దీన్ని అవతలికి తీసుకెళ్ళండర్రా."

"ఎంత అవతలికి? కొండ దాటించినా తగులుతుందని తమ లాయరుగారే చెప్పారు. ఏనుగుగారు తీర్పిచ్చారు."

స్వామి భక్తుల గుంపులో ఉన్న రంగనాథం వైపు తిరిగాడు.

"మా ఆయనప్పుడంటే నాకు నమ్మకం లేదని తమకి తెలీదు. ఇప్పుడు తెలుసు. నేనుండగా మీ కౌగిలి పడితే ప్రాణం పోతుందని కోర్టే తేల్చింది. తెలిసి తెలిసి పట్టుకుంటే దాన్నేమంటారో మీ లాయరుగారినే అడగండి" అంది దూదమ్మ.

అందరూ రంగనాథం వైపు చూశారు. రంగనాథం ఎండుటాకు రంగుకి మారి, స్వామి చెవిలో గొణిగాడు. "చేతులు దించండి స్వామీ. హత్య కిందికి వస్తుంది."

"ఈ పిల్లనొక్కదాన్నే కదా?"

"ఈవిడ బతికున్నంతకాలం ఎవర్నీ ముట్టుకోవద్దు."

స్వామి చేతులు దిగాయి. దూదమ్మ చిట్టిని లాక్కుని ఏటివైపు పరుగెత్తింది. ఆ మాట పనిచేస్తుందో లేదో అనేటప్పుడు ఆమెకీ తెలియదు. పిల్లకి నీళ్ళు తాగించింది. నాలుగు గుక్కలకి ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

"ఇందాక నాన్న తలుచుకున్నాడేమో అమ్మా?" అంది చిట్టి.

దూదమ్మ అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినప్పటినుంచి దాచుకున్నదంతా ఆ ఏటి ఒడ్డున ఏడ్చింది.

కౌగిళ్ళు ఆగిపోయాక అడవిలో ఒక వింత జరిగింది. రోగులు చాలామంది బాగుపడ్డారు. జలుబులు వాటంతట అవే పోయాయి. బెణికిన కాళ్ళు వాటంతట అవే సర్దుకున్నాయి. ఇది ఎవరి మహిమ అని అడవి తెగ ఆలోచించింది. కోతి మళ్ళీ చెట్టుచెట్టుకీ బయల్దేరింది.

ఓ పొద్దున దూదమ్మ బొరియలోంచి తల బయటపెడితే ఎదురుగా పెద్ద వరస. ముందు ఏనుగుగారు, కాలు ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. వరసని సర్దుతున్నది అత్తే. "తోసుకోకండర్రా! మా కోడలు ఇప్పుడే లేచింది."

"తల్లీ! కొండ అవతలికి కూడా తగిలే శక్తి నీది. నా మోకాలి నొప్పిని కాస్త నమ్మకు" అంది ఏనుగు.

"నాకే శక్తీ లేదయ్యా" అని మొత్తుకుంది దూదమ్మ.

"విన్నారా! తనని తనే నమ్మడం లేదు. అదీ శక్తంటే!" అని భక్తులు చెంపలేసుకున్నారు.

దూదమ్మ ఏనుగు కాళ్ళ దగ్గరికి వెళ్ళి తలెత్తి చూసింది. "అయ్యా, మా ఆయన కేసు మళ్ళీ ఒక్కసారి విచారిస్తారా?"

"కేసుకేం తొందర తల్లీ, ముందు మోకాలు చూడు" అంది ఏనుగు.

నీతి: న్యాయం ఎంత అడిగినా దొరకదు, మహిమ వద్దన్నా వదలదు.