పొరపాటు జరగని మూడువందల అరవై అయిదో రోజు

సోమవారం ఉదయం ఆసుపత్రి సూపరింటెండెంటు గారు ఒక సర్క్యులర్ జారీ చేశారు. నర్సులు సుఖంగా ఉంటేనే రోగులు క్షేమంగా ఉంటారన్న సంగతి యాజమాన్యం దృష్టికి వచ్చినందున, శనివారం దాకా ఈ ఆరు రోజులూ నర్సులందరూ విధిగా సుఖంగా ఉండవలెనని దాని సారాంశం. ఉండలేనివారు తగిన కారణాన్ని రాతపూర్వకంగా తెలుపవలెను.

మొట్టమొదట నర్సుల విశ్రాంతి గదికి మహర్దశ పట్టింది. అప్పటిదాకా అందులో ఒక ఇనప మంచం, ఒక కుర్చీ, తలుపు వెనక బట్టలు తగిలించుకోవడానికి నాలుగు మేకులు ఉండేవి. కాళ్ళు లాగేస్తుంటే ఎవరైనా అక్కడ పది నిమిషాలు నడుం వాల్చేవారు. ఈ వెనకబాటుతనం చూసి సూపరింటెండెంటు గారి మనసు కలుక్కుమంది. మంచం తీయించి, గోడలకు లేత ఆకుపచ్చ రంగు వేయించి, జలపాతం బొమ్మ తగిలించి, 'మనశ్శాంతి మందిరం' అని బోర్డు పెట్టించారు. మనుషులు వెళితే కొత్త తివాచీ నలుగుతుందని తాళం వేసి, తాళంచెవి తన సొరుగులో భద్రపరిచారు. మనశ్శాంతి కావలసినవారు మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకుంటే చాలు.

ఆపైన తలా ఒక రబ్బరు బంతి ఇచ్చారు. ఒత్తిడి కలిగినప్పుడల్లా దాన్ని పిసకాలి. ఒక చేతిలో సెలైన్ సీసా, ఇంకో చేతిలో చార్టు ఉన్నప్పుడు ఏ చేత్తో పిసకాలో సర్క్యులర్‌లో లేదు. దాంతోపాటు ఒక ప్రశ్నాపత్రం కూడా పంచారు. 'మీరు అలసిపోయారా?' అన్న ప్రశ్నకు 'లేదు', 'అస్సలు లేదు', 'నవ్వుతూ పనిచేస్తాను గనుక గమనించలేదు' అని మూడు జవాబులు అచ్చువేసి, నచ్చినదానికి టిక్కు పెట్టే స్వేచ్ఛ నర్సులకే వదిలేశారు.

మగవాళ్ళ వార్డు సిస్టరు ఒకామె ఆ మూడింటి కింద తన పెన్నుతో 'అవును' అని రాసి, దానికి టిక్కు పెట్టింది. చేతిరాత ఉన్న ఫారాలు చెల్లవని ఆఫీసువారు తిప్పి పంపారు.

ఆమెను ఆసుపత్రిలో అందరూ నిదానం సిస్టర్ అంటారు. సూది వేసే ముందు చార్టు చూస్తుంది. రోగి చేతికున్న పేరు పట్టీ చూస్తుంది. అప్పటికీ తృప్తి లేక, ఆరు రోజులుగా ఎదురుగా ఉన్న మనిషినే 'మీ పేరేంటి?' అని అడుగుతుంది. ఈ చాదస్తం భరించలేక పదకొండో మంచం దర్జీ తాత కొడుకు ఆ పేరు పెట్టాడు. "మా నాన్న పేరు ఇంకా కంఠతా రాలేదా నీకు? మనిషివా, నిదానానివా?" అని అతను అన్న మాట వార్డంతా పాకి అలా స్థిరపడిపోయింది.

ఆ వార్డులో నలభై ఆరు మంచాలు, ఒక సిస్టరు. ఇద్దరుండాలని ఎక్కడో రాసి ఉందట. రాసి ఉన్నవన్నీ జరిగితే ఇక రాయడమెందుకు? గుమ్మం పక్కన మాత్రం 'ఈ వార్డులో పొరపాటు జరగని రోజులు' అని పెద్ద బోర్డు ఉంది. మంగళవారం నాటికి అది మూడువందల అరవై నాలుగు. బుధవారంతో ఏడాది నిండుతుంది. పైనుంచి అధికారులు వస్తారు, కేకు కోస్తారు, భద్రతా పురస్కారం ఇస్తారు. సూపరింటెండెంటు గారు రోజుకు నాలుగుసార్లు వచ్చి ఆ అంకెను చూసుకుని మురిసిపోయేవారు. బోర్డు అవతల పడుకున్న మనుషుల్ని చూడటానికి మాత్రం తీరిక చిక్కేది కాదు.

ఆ మంగళవారం ఉదయానికి నిదానం సిస్టరు రాత్రి డ్యూటీ ముగించుకుంది. పగలు రావలసిన సిస్టరును బంతులు పంచే పనికి వేసినందున, పగటి డ్యూటీ కూడా ఆమెనే చేయమన్నారు. పన్నెండో మంచం లెక్కల మాస్టారికి టిఫినుకు ముందు ఇన్సులిన్ ఇవ్వాలి. ఆమె సిరంజిలోకి మందు ఎక్కించుకుని, పన్నెండో మంచం దగ్గర వంగి, ఆ చేతిని దూదితో తుడిచింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పట్టీ చూడటం మరిచిపోయింది. సూది చర్మానికి ఆనబోతుండగా, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నోరు మాత్రం తన పని తాను చేసింది.

"మీ పేరేంటి?"

ఆ మనిషి చెప్పిన పేరు మాస్టారిది కాదు. దర్జీ తాతది.

జరిగిందేమిటంటే, పన్నెండో మంచం కిటికీ పక్కన ఉంటుంది. తాత చేతులు ఊరుకోవు. వార్డులో ఊడిన గుండీలన్నీ ఆయనే కుడతాడు, సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కావాలి. మాస్టారికేమో ఎండ మొహాన పడితే పేపరు చదవడం కుదరదు. పెద్దమనుషులిద్దరూ బస్సులో సీట్లు మార్చుకున్నట్టు మంచాలు మార్చుకున్నారు. చక్కెర జబ్బు లేని తాత ఒంట్లోకి ఆ మందు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఆమెకు తెలుసు. వెళ్ళి మెట్ల మీద కూర్చుంది. ఈసారి నోరు అడిగింది సరే, వచ్చేసారి అడగకపోతే? ఆ భయం ఆమెను వదల్లేదు.

వార్డు గోడకు 'నిర్భయంగా చెప్పండి' అని ఒక పెట్టె ఉంది. అందులో అంతవరకు ఎవరూ ఏమీ వేయలేదు, అంటే అందరూ అంత నిర్భయంగా ఉన్నారన్నమాట. ఆమె ఒక కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, 'పుణ్యం కట్టుకుని వార్డుకు ఇంకొక నర్సును వేయండి. లేకపోతే నా చేతుల్లో ఎవరో ఒకరు పోతారు' అని ముగించి, సంతకం చేసి అందులో వేసింది.

మధ్యాహ్నానికల్లా విచారణ సంఘం కూర్చుంది. ఆసుపత్రి చరిత్రలో ఏ దరఖాస్తూ ఇంత వేగంగా కదల్లేదు.

"పొరపాటు జరిగిందా, జరగలేదా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"జరగబోయింది సార్."

"జరగబోవడం అనే గడి మా రిజిస్టరులో లేదమ్మా. జరిగిందంటే బాధ్యత నీది, ఉద్యోగం సంగతి చూడాల్సి ఉంటుంది. జరగలేదంటే ఈ కాగితం అబద్ధం. రెండింట్లో ఏదో నువ్వే తేల్చు."

"నేనొక్కదాన్నీ నలభై ఆరు మందిని చూడలేకపోతున్నాను సార్. అదే రాశాను."

"బంతి పిసికావా?"

"లేదు సార్" అంది. సంఘానికి కారణం దొరికిపోయింది.

బయటికొచ్చాక హెడ్ సిస్టరు ఆమెను పక్కకు తీసుకెళ్ళింది. "పెట్టెలో వేసే ముందు నాకొక మాట చెప్పొద్దుటే అమ్మాయ్? ముప్ఫై ఏళ్ళ నుంచి చేస్తున్నాను. ఎన్ని జరగబోయాయో నాకు తెలీదా? ఎప్పుడైనా కాగితం మీద పెట్టానా?" అంది. తిట్టినట్టే అంది గానీ, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నిదానం సిస్టరుకు సంఘం విధించిన శిక్ష, కాదు కాదు, అందించిన చేయూత ఏమిటంటే, మర్నాటి నుంచి ఆరు రోజుల మనోల్లాస శిక్షణ, అదీ డ్యూటీ వేళల్లోనే. అన్నాళ్ళూ ఆ వార్డును పక్క వార్డు సిస్టరు తన నలభై నాలుగు మందితో కలిపి చూసుకుంటుంది.

బుధవారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. వేదిక మీద అధికారులు, ముందు వరసలో శిక్షణ పొందుతున్న నర్సులు. వంటింటి సిబ్బందిని కూడా కేకు ముక్కలు పంచడానికి పిలిపించినందువల్ల, వార్డులకు భోజనాలు కాస్త ఆలస్యమవుతాయని ముందే ప్రకటించారు.

సూపరింటెండెంటు గారు మైకు అందుకున్నారు. "మిత్రులారా! మనం ఇక్కడ ఇలా ఆనందిస్తున్న ఈ క్షణంలో, అక్కడ ఒకే ఒక్క సోదరి తొంభై మందిని కంటికి రెప్పలా కాపాడుతోంది! పన్నెండింటికి మొదలుపెట్టిన సూదులన్నీ ఇరవై నిమిషాల్లో పూర్తి చేసింది! ఇదీ సామర్థ్యమంటే! పేర్లడుగుతూ కూర్చుంటే సాధ్యమయ్యేదా?"

చప్పట్లు మోగాయి. తరవాత శిక్షకుడు అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. హాయిగా గాలి పీల్చి, వెచ్చని ఎండ పడుతున్న కిటికీని ఊహించుకోమన్నాడు.

నిదానం సిస్టరు ఊహించుకుంది. కిటికీ పక్కన పన్నెండో మంచం కనిపించింది. దాని మీద దర్జీ తాత సూదిలో దారం ఎక్కిస్తూ కనిపించాడు. నిన్న ఆమె ఇద్దరినీ ఎవరి మంచాలకు వాళ్ళను పంపింది. ఇవాళ్టి ఎండకు మళ్ళీ మారరని నమ్మకమేమిటి? భోజనానికి ముందు ఇన్సులిన్ పన్నెండో మంచానికే. ఇరవై నిమిషాల్లో తొంభై మంది.

ఆమె లేచి పరుగెత్తింది. "సిస్టర్, ఇంకా గాలి వదల్లేదు" అని శిక్షకుడు పిలుస్తూనే ఉన్నాడు.

పన్నెండో మంచం మీద తాత చెమటతో తడిసి ముద్దయి, చల్లబడిపోతున్నాడు. గుండీ సగం కుట్టిన చొక్కా కింద పడి ఉంది. ఆమె గ్లూకోజు తెచ్చి, ముంజేతికి ముందే అమర్చి ఉన్న సూదిగొట్టం గుండా ఎక్కించి, ఆయన బుగ్గలు తట్టింది.

"తాతా, ఇటు చూడు. మీ పేరేంటి? పేరు చెప్పు తాతా."

చాలాసేపటికి పెదవులు కదిలాయి. ఆయన తన పేరు చెప్పాడు. అంతే, ఆమెకు దుఃఖం ఆగలేదు. మంచం పట్టీ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

సరిగ్గా అప్పుడే కేకు ముక్క నములుతూ కొడుకు లోపలికొచ్చాడు. "ఇంకా పేరేనా? ఆయనకు అన్నం పెట్టేదేమైనా ఉందా?" అన్నాడు.

గ్లూకోజు ఎందుకు ఎక్కించాల్సి వచ్చిందో ఆమె సాయంత్రం మళ్ళీ రాసింది. వేద్దామని వెళితే పెట్టె కన్నానికి కాగితం అంటించి ఉంది: 'సిబ్బందిలో భయం పూర్తిగా తొలగిపోయినందున ఈ సౌకర్యం ఉపసంహరించడమైనది.' పక్కనే బోర్డు మీద మూడువందల అరవై అయిదు బంగారు రంగులో మెరిసిపోతోంది.

వార్డుకు ఒక మనిషిని అదనంగా వేయాలన్న ఆమె మొర మాత్రం వృథా పోలేదు. మర్నాడే వేశారు. ఆయన హోదా నర్సుల క్షేమ సమన్వయాధికారి. బంతులు సరిగ్గా పిసుకుతున్నారో లేదో చూడటం ఆయన పని.

ఇక ఆమె మీద చర్య తీసుకోవలసి వచ్చింది. దానికి కారణం సూపరింటెండెంటు గారు కారు, అధికారులూ కారు. రోగుల బంధువులు నింపే అభిప్రాయ ఫారం ఒకటుంది. దర్జీ తాత కొడుకు దాన్ని శ్రద్ధగా నింపాడు: 'ఆసుపత్రి చాలా సురక్షితం, బోర్డు చూసి ధైర్యం కలిగింది. నర్సు మాత్రం మహా నిదానం. అడిగిన పేరే అడిగి ప్రాణం తీస్తుంది.' ప్రజాభిప్రాయాన్ని గౌరవించి ఆమెను మందుల గోదాములో సీసాలు లెక్కపెట్టే పనికి మార్చారు. సీసాలను పేరు అడగనక్కర్లేదు.

ఇప్పుడా వార్డులో సూదులు మెరుపులా పడుతున్నాయి. అంకె రోజురోజుకూ పెరుగుతోంది. మీరూ ఏదో ఒకనాడు మీవాళ్ళను తీసుకుని అక్కడికి వస్తారు. గుమ్మంలో బోర్డు చూసి స్థిమితపడతారు. మంచం పక్కనే ఆ ఫారం ఉంటుంది, దానికి దారంతో పెన్ను కట్టి ఉంటుంది. ఏ సిస్టరైనా మీవాళ్ళ పేరు రెండోసారి అడిగిందంటే, ఆ పెన్ను ఎక్కడుందో మీకు ఎవరూ చూపించనక్కర్లేదు.