మనిషి ఉండగా పడిన రంగు

ఆ పొద్దున మొహం కడుక్కుంటూ మేస్త్రి ఒక నిర్ణయానికి వచ్చాడు. మేడ మీద వాటాకి రంగు వేయించాలి.

ఆ ఇల్లు ఆయన తన చేతులతో కట్టుకున్నది. కింద తను, పైన అద్దెవాళ్ళు. భార్య పోయాక పై వాటాలోకి రకరకాల మనుషులు వచ్చారు. ఒకాయన గోడ నిండా మేకులు కొట్టాడు. ప్రతి దెబ్బా కింద మేస్త్రి గుండెల్లో దిగింది. ఇంకొకాయన తాళంచెవితో సహా మాయమయ్యాడు. చివరికి ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ, ఆమె తల్లి వచ్చారు. ఉన్న మేకుకే క్యాలెండరు తగిలించుకున్నారు. వీళ్ళను చచ్చినా వదులుకోకూడదని మేస్త్రి ఆ రోజే అనుకున్నాడు.

పెద్దావిడ ఆయన్ని ‘తమ్ముడూ’ అంది. నర్సమ్మ ‘మావయ్యగారూ’ అంది. మేస్త్రికి మాటలు తక్కువ. రెండింటికీ ‘ఆఁ’ అన్నాడు. కానీ పైన కుర్చీ జరిగిన చప్పుడు వినబడితే గానీ కింద ఆయనకు ముద్ద దిగేది కాదు.

అలాంటిది, ముందురోజు సాయంత్రం పక్క వీధిలో ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు ముందు నర్సమ్మ నిలబడి ఉండడం ఆయన కంట పడింది. అప్పట్నుంచీ కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

కాఫీకి వచ్చిన బావమరిది విని తల పంకించాడు. “మంచి అద్దెవాళ్ళంటే పాడిగేదెలు బావా. అరవకముందే మేత పడాలి.” ఆ మాటన్నవాడు జన్మలో ఇల్లు అద్దెకిచ్చిందీ లేదు, గేదెను మేపిందీ లేదు.

“రంగు వేయిస్తున్నానని చెప్పనా?”

“చెప్పి చేస్తే గొప్పలకి పోయినట్టుంటుంది. చేసెయ్, అంతే. వాళ్ళే అర్థం చేసుకుంటారు.”

చెప్పకుండా ఉండడం మేస్త్రికి వెన్నతో పెట్టిన విద్య.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఆ పేటలో అద్దె ఇంటికి మనిషి ఉండగా రంగు పడదు. ఒకరు ఖాళీ చేశాక, ఇంకొకరు దిగేలోపు పడుతుంది. ఇది అద్దెకున్న ప్రతివాళ్ళకీ తెలుసు, రంగులు వేసే ప్రతివాడికీ తెలుసు. అన్ని ఇళ్ళు కట్టిన మేస్త్రికీ తెలియాల్సిందే. కాకపోతే ఆయన ఎన్నడూ ఒకరి ఇంట్లో అద్దెకుండి ఎరగడు.

ఆ మధ్యాహ్నం పెయింటరు వచ్చి పై వాటా గోడలు కొలిచాడు. పెద్దావిడ ఒక్కతే ఉంది.

“ఎందుకు నాయనా ఈ కొలతలు?”

“మేస్త్రిగారు రంగెయ్యమన్నారమ్మా. సామానెప్పుడు తీసేస్తున్నారు?”

పెద్దావిడ కుర్చీలో కూలబడింది. పెయింటరు దిగొచ్చి, “చెప్పానండీ, సామాను తీస్తారు,” అన్నాడు. మేస్త్రి సంతోషించాడు. తను నోరు విప్పాల్సిన పని కూడా తప్పింది.

సాయంత్రం నర్సమ్మ డ్యూటీ బట్టలతోనే గుమ్మంలో నిలబడింది.

“రంగు వేయిస్తున్నారటగా మావయ్యగారూ?”

“ఆఁ.”

“మా వల్ల ఏమైనా...”

“మీ గురించే కదమ్మా ఇదంతా.”

ఆమె మొహం పాలిపోయింది. “ఎప్పటికి ఖాళీ కావాలి?”

గదులు ఖాళీ అయితేనే కదా పెయింటరు పని మొదలెట్టేది! “ఎంత త్వరగా అయితే అంత మంచిది,” అన్నాడు మేస్త్రి, తన జీవితంలోకెల్లా పొడుగైన సంభాషణ చేసిన తృప్తితో.

ఆదివారానికి వాను వచ్చింది. రంగు వాసన పెద్దావిడకు పడదు కాబట్టి నాలుగు రోజులు చుట్టాలింట్లో సర్దుకుంటారని మేస్త్రి లెక్క. పొయ్యి, చాపలు, చివరికి క్యాలెండరు కూడా తీసుకున్నారు. ‘ఏదీ పారేసుకోని మనుషులు’ అని మెచ్చుకున్నాడు. బీరువాకు తనూ భుజం పట్టి దించాడు. పరంజా కట్టే ముడులతో సామానంతా బిగించాడు. ఆయన ఎంత చురుగ్గా సాయం చేస్తే నర్సమ్మ తల అంత కిందికి దిగింది.

పెద్దావిడ కొంగు కళ్ళకు అద్దుకుంది. “వేళకి తిను తమ్ముడూ. ఒంట్లో బాగా లేకపోతే కబురు పెట్టు.”

నాలుగు రోజులకే ఇంత బెంగా అని మేస్త్రికి లోపల పొంగింది. పైకి మాత్రం, “బయల్దేరండి, ఎండెక్కుతోంది,” అన్నాడు.

రంగు పడింది. లేత ఆకుపచ్చ, పెద్దావిడ కళ్ళకు చల్లగా ఉంటుందని. ఆవిడ ఎక్కేటప్పుడు సగంలో ఆగి గోడ పట్టుకోవడం గమనించినవాడు కాబట్టి మెట్ల వెంట ఇనప కడ్డీ కూడా బిగించాడు. వాసన పోయింది. వాను రాలేదు. ఆయన కంచం ముందు కూర్చుని పైకి చెవి పెట్టి, లేచిపోయేవాడు. చివరికి ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు.

“రంగు ఆరింది. ఎప్పుడొస్తున్నారమ్మా?”

నర్సమ్మ మందుల పళ్ళెం పక్కన పెట్టింది. “మీరు ఖాళీ చెయ్యమన్నారు కదా!”

“నేనా? మీరు వెళ్ళిపోతారేమోనని కదా రంగేయించింది!”

వార్డులో తలలు ఇటు తిరిగాయి. నర్సమ్మ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి మెల్లగా చెప్పింది. “ఆ బోర్డు చూసిన మాట నిజమే మావయ్యగారూ. అది కింది వాటా. అమ్మ మోకాళ్ళు మెట్లకి తట్టుకోలేకపోతున్నాయి. కానీ రానంది. ‘తమ్ముణ్ణి ఒక్కణ్ణీ వదిలేసి ఎలా వస్తానే? పైన అలికిడి లేకపోతే తిండి మానేస్తాడు’ అని పోట్లాడింది. మీరు పొమ్మన్నారనుకునే ఆ ఇంటికి కదిలింది.”

మేస్త్రి గోడకున్న ఒక పగులును వేలితో తడిమాడు.

“ఇప్పుడెలా ఉంది అక్కయ్య?”

“కర్ర లేకుండా వీధిలోకొచ్చి కూర్చుంటోంది.” ఆమె గొంతు తగ్గింది. “వచ్చెయ్యమంటే వచ్చేస్తాం మావయ్యగారూ. ఇవాళే.”

ఆ ఒక్కమాట అనడానికే ఆయన అంత దూరం వచ్చాడు.

“వద్దమ్మా,” అన్నాడు.

మర్నాడు ఒక కొత్త జంట ఇల్లు చూడ్డానికి వచ్చింది. గోడలు నిమిరి మురిసిపోయారు. దిగుతూ భర్త అడిగాడు: “ఇంత మంచి ఇల్లు ముందున్నవాళ్ళు ఎందుకు వదిలేశారండీ?”

మేస్త్రి మెట్ల కడ్డీ మీద చెయ్యి వేశాడు.

“బాగా చూసుకున్నాను బాబూ,” అన్నాడు.