ఒక్క మేడ మీది వాన

ఆ సోమవారం ఉదయం ఆ ఇంటి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు చేరాలి, ఎవరూ పలకరించకముందే నివేదికలో మిగిలిన నాలుగు పేజీలూ ముగించాలి, ఆ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోవాలి. ఆమె వాతావరణ పరిశోధకురాలు. తమ ప్రాంతంలో వానల తీరు మారిపోయిందనీ, రోజంతా పడాల్సిన వాన ఇప్పుడు ఏదో ఒక మూల అరగంటలో కుమ్మరించి పోతోందనీ మూడేళ్ళుగా కొలిచి చూపిస్తోంది. అందుకోసం నలభై చోట్ల వానను కొలిచే యంత్రాలు పెట్టించింది. ఆ పని ఇంకో మూడేళ్ళు సాగాలా, ఇక్కడితో మూట కట్టాలా అన్నది తేల్చడానికి వచ్చే సోమవారం ఒక కమిటీ రాబోతోంది.

నలభయ్యో యంత్రాన్ని మొన్న శనివారమే సొంత మేడ మీద బిగించారు. పైన గరాటు, లోపల నిండగానే ఒరిగిపోయే బుల్లి తొట్టి. అది ఎన్నిసార్లు ఒరిగితే అంత వాన అని యంత్రమే లెక్కగట్టి ఆఫీసు కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. బిగించిన రోజు ఆమె మామగారికి ఒక్క మాట చెప్పింది.

"మామయ్యా, దీన్ని కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. గరాటులో దుమ్ము చేరితే లెక్క తప్పుతుంది."

మామగారు ముప్పై రెండేళ్ళు అచ్చు యంత్రాలు తుడిచి, నూనె పోసి రిటైరైన మెకానిక్కు. యంత్రాన్ని చూసుకోమని తనకొకరు చెప్పాలా అన్నట్టు నవ్వారు.

ఆమె చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా ఫోన్ మోగింది. అవతల డైరెక్టరు. ఆయన గొంతు మూడు గదులు దాటి వినిపిస్తుంది కనుక ఆఫీసులో అందరూ ఆయన్ని చాటుగా 'ఉరుము' అంటారు.

"ఏమ్మా, మీ ఇంటి మీద పొద్దున ఆరూ పదికి నాలుగు నిమిషాల్లో ముప్పై రెండు మిల్లీమీటర్లు పడిందట, నిద్రపోతున్నావా?"

ఆమె కిటికీలోంచి చూసింది. ఆకాశం కడిగిన పలకలా ఉంది. వీధిలో దుమ్ము లేస్తోంది. వరండాలో పేపరు చదువుతున్న మామగారి దగ్గరికి పరిగెత్తింది.

"మామయ్యా, ఇందాక మీరు మేడ మీదికి వెళ్ళారా? తడిగా ఉందా?"

"ఉందమ్మా. యంత్రం చుట్టూ బాగా తడిసింది. కాలు జారబోయింది కూడా."

"మరి పక్కింటి మేడ?"

"ఎండిపోయే ఉంది. వాళ్ళకేం పట్టింది?"

"ఎంతసేపు?"

"నాలుగైదు నిమిషాలు. అంతకంటే అక్కర్లేదు కదా," అన్నారాయన వినయంగా.

వాన ఒక వీధిలో పడి పక్క వీధిలో పడకపోవడం గురించి ఆమె వంద పేజీలు రాసింది గానీ, ఒక మేడ మీద పడి పక్క మేడ మీద పడకపోవడం గురించి కలలో కూడా అనుకోలేదు. ఇంకా పక్క మీదే ఉన్న భర్తను కుదిపి అడిగింది.

"పొద్దున వాన చప్పుడు విన్నావా?"

"అలారమే వినను, వానేం వింటాను?" అని అతను దుప్పటి లాక్కున్నాడు.

ఆఫీసులో ఉరుము అప్పటికే ఉరకలేస్తున్నాడు.

"రాడార్‌లో ఏమీ లేదు సార్," అందామె.

"అదే కదమ్మా విశేషం! రాడార్ కళ్ళు గప్పిన వాన!"

"ఉపగ్రహ చిత్రంలో ఒక్క మబ్బు కూడా లేదు సార్."

"మబ్బు లేకుండా వానా! ఇంకేం కావాలి మనకి?"

గురువారం ఉదయం ఆరూ పదికి మళ్ళీ ముప్పై రెండు పడింది. అప్పుడు మాత్రం ఆమెకు లోపల ఏదో ముల్లు గుచ్చుకుంది.

"సార్, రెండుసార్లూ చుక్క తేడా లేకుండా అంతే పడింది. వాన కొలపాత్ర పట్టుకుని వస్తుందా?"

"సోమవారం, గురువారం, ఆరూ పది. ఎంత క్రమశిక్షణ! మన స్టాఫులో ఒక్కరికైనా ఉందా? కమిటీని నేరుగా మీ మేడ మీదికే తీసుకొస్తున్నాను," అని ఆయన తలుపు వేసేసుకున్నాడు.

యంత్రం పాడై ఉంటుందని ఆమె ఆ సాయంత్రం మేడెక్కి మరలన్నీ విప్పి చూసింది. పాడవడం మాట అటుంచి, లోపల తళతళ మెరిసిపోతోంది. అంత శుభ్రమైన యంత్రం అబద్ధం చెబుతుందని ఆమెకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే అనిపించాలని కూడా లేదు. మూడేళ్ళ కష్టం కళ్ళ ముందు కదులుతోంది మరి.

ఈలోగా భర్త ఈ సంగతి క్షౌరశాలలో చెప్పాడు. క్షౌరశాలలో చెప్పింది ఎక్కడికి పోకుండా ఉంటుంది? ఆదివారం సాయంత్రం పక్కింటి టైలరమ్మ రెండు పెద్ద తివాచీలు భుజాన వేసుకొచ్చి, వీళ్ళ మేడ పిట్టగోడ మీద పరిచింది.

"ఎలాగూ రేపొద్దున పడుతుందట కదా వదినా, మావీ ఓసారి తడిసిపోతాయి," అంది కోడలితో.

సోమవారం ఆరింటికి మేడ మీద ఆరుగురు నిలబడ్డారు. ఉరుము, కమిటీ సభ్యులు ముగ్గురు, వాళ్ళ అధ్యక్షురాలైన ఒక పెద్దావిడ, ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకుని మన పరిశోధకురాలు. అందరి చేతుల్లోనూ గొడుగులున్నాయి. తల మీద ఆకాశం గాజులా నిర్మలంగా ఉంది. ఆరూ ఐదైంది. ఒక సభ్యుడు ముందుజాగ్రత్తగా గొడుగు విప్పాడు. ఆరూ తొమ్మిదైంది. అందరూ తలలెత్తారు.

సరిగ్గా ఆరూ పదికి మెట్ల తలుపు కిర్రుమంది. మామగారు వచ్చారు. ఒక చేతిలో అంచు దాకా నింపిన లీటరు మగ్గు, ఇంకో చేతిలో మెత్తటి బ్రష్షు, భుజాన తుడుపుగుడ్డ.

"అందరూ ఇక్కడే ఉన్నారే! కాస్త పక్కకి జరగండి బాబూ, తడుస్తారు," అని, గరాటులో బ్రష్షు తిప్పి, లీటరు నీళ్ళూ తీరిగ్గా పోశారు. కంప్యూటర్‌లో అంకెలు పెరిగి పెరిగి ముప్పై రెండు దగ్గర ఆగాయి.

గొడుగు విప్పినాయన మెల్లగా ముడిచాడు. ఉరుము జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఎప్పటినుంచండీ ఇలా?"

"వారానికి రెండుసార్లు, నాగా లేకుండా. యంత్రమన్నాక స్నానం చేయించొద్దూ?"

కోడలికి మేడ రెండుగా చీలితే బాగుండుననిపించింది. అధ్యక్షురాలు నవ్వలేదు, కోప్పడలేదు. కళ్ళజోడు తుడుచుకుని ఒకటే అడిగింది.

"దీన్ని మీ మామగారు కడుగుతున్నారు, బాగుంది. మిగతా ముప్పై తొమ్మిదీ ఎవరు కడుగుతున్నారమ్మా? పది రోజుల్లో అన్నీ చూసి రండి. అప్పుడు తేలుద్దాం."

వాళ్ళు దిగి వెళ్ళగానే కోడలు చేతులు జోడించింది.

"మామయ్యా, మీకు పుణ్యముంటుంది, ఇకమీద దాన్ని కడగకండి. అందులో ఒక్క చుక్క పడినా నా కొంప మునుగుతుంది!"

ఆయన ముఖం చిన్నబోయింది. మగ్గు బోర్లించి దిగిపోయారు. రెండు రోజులు ఆమెతో పొడిపొడిగానే మాట్లాడారు. క్షమాపణ చెబుదామంటే ఆమెకు ఇంట్లో నిలవడానికే తీరిక లేదు. ముప్పై తొమ్మిది చోట్లకూ తిరిగింది. ఒక బడి మీది గరాటులో బంతి ఇరుక్కుని ఉంది. ఒక గిడ్డంగి కాపలాదారు దాని మీద టీ గ్లాసు పెట్టుకుంటున్నాడు. ఆ రెండూ సరిచేసింది, మిగతావి నిక్షేపంగా ఉన్నాయి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. ఆ తర్వాత వచ్చింది అసలు వాన. ఆఫీసులో ఆమె తెర ముందు నిలబడిపోయింది. తొంభై, నూట పది, నూట ముప్పై. అరగంటలో, ఆమె రాసిన చోటే, ఆమె రాసిన తీరులోనే కుమ్మరించింది. ముప్పై తొమ్మిది యంత్రాలూ కలిసికట్టుగా సాక్ష్యం చెప్పాయి. నలభయ్యోది మాత్రం సున్నా అంది.

"చూశావామ్మా!" ఉరుము పరిగెత్తుకొచ్చాడు. "చుట్టూ కుండపోత, నడుమ మీ ఇంటి మీద సున్నా! తుఫాను కన్ను తిన్నగా మీ మేడ మీదే నిలబడింది!"

ఆమె ఇంటికి పరిగెత్తింది. మెట్ల మొదట్లో మామగారు నిలువెల్లా తడిసి వణుకుతున్నారు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏం భయపడకమ్మా! మబ్బు పట్టగానే పైకి పరిగెత్తాను. యంత్రం మీద పెద్ద బకెట్ బోర్లించి, దాని మీద రెండు ఇటుకలు పెట్టాను. వాన ఆగేదాకా అక్కడే కాపలా ఉన్నాను. లోపల చుక్క పడితే ఒట్టు!"

ఆమె ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే తువ్వాలు తెచ్చి ఆయన తల తుడిచింది. ఆయనకు ఎందుకో తెలియకపోయినా ఆయనా నవ్వారు.

కమిటీ ఇంకో మూడేళ్ళు ఇచ్చింది. ఆ నెల నివేదికలో నలభయ్యో యంత్రం ఎదురుగా 'మరమ్మతులో ఉంది' అని రాశారు. మరమ్మతు యంత్రానికో, దాన్ని చూసుకునే మనిషికో రాయలేదు.