నెట్టత్త వరండా విమోచన సమరం

సహస్రకిరణుడు నడినెత్తిన నిలిచి రేకుల కప్పులను పెనాలవలె కాల్చుచున్న వేళ, కరిగిన తారు బాటసారుల చెప్పులను పట్టి విడువని వీధి చివర, నీలిరంగు తలుపుల ఇంటి వరండాలో సమస్త గ్రామమూ ఫోన్లు ధరించి కొలువుతీరి ఉండెను.

ఆ ఇంటి యజమానురాలు పాలకేంద్రంలో ముప్పైయేళ్ళు పాలు కొలిచి విరమించిన ధీరవనిత. ఊరు ఆమెను నెట్టత్త అని పిలుచును. ఏ ఊళ్ళోనైనా ఒక్క ఇంటికి వేగవంతమైన ఇంటర్నెట్ అందితే ఊరంతటికీ అందినట్లేనని రాష్ట్ర చట్టం ఘోషించుచుండగా, కంపెనీవారు ఆ ఒక్క ఇంటికీ తీగ లాగి, ఊరిని జయించితిమని ప్రకటించి, నిచ్చెన భుజాన వేసుకొని నిష్క్రమించిరి.

నాటినుండి వరండా పరాధీనమయ్యెను. మెట్లు టైలరమ్మ పాలయ్యెను. పిట్టగోడను కాలేజీ పిల్లలు ఆక్రమించిరి. ఆమె సొంత పడకకుర్చీలో రిటైరైన పోస్టుమాస్టరు పాతుకుపోయెను. భోజనానంతరం తన వరండాలో తాను కాళ్ళు చాపుకొని కూర్చొనవలెననునదే నెట్టత్తకు మిగిలిన ఏకైక జీవితాశయం.

అట్టి తరుణమున, ప్రతి ఇంటినీ విడిగా లెక్కించునట్లు ఆ చట్టమును సవరింపబూనిన శాసనసభ కమిటీ, ఆ ‘ఒక్క ఇంటి’ సాక్ష్యమును వీడియోలో వినదలచెను. కోడలు ఫోన్ పట్టుకొనగా, జరీ అంచు చీర ధరించి నెట్టత్త రణరంగమున ప్రవేశించెను. ప్రవేశించిన మరుక్షణమే స్తంభించెను.

“అత్తయ్యా, మీ బొమ్మ ఆగిపోయింది. నోరు తెరుచుకుని ఉన్నారు.”

“మూసుకుని సాక్ష్యం చెప్పమంటావా ఏంటి?”

కారణము వరండాయే అని గ్రహించి, ఆ వీరమాత ద్వారబంధమున నిలిచి గర్జించెను. “అందరూ నెట్ ఆపండర్రా! పది నిమిషాలు!”

“డిజైను సగం దిగింది పిన్నీ,” అని టైలరమ్మ వేడుకొనెను.

“సగం జాకెట్టే కుట్టుకో. ఆపు!”

ఒక్కొక్క ఫోనూ అస్త్రసన్యాసము చేయగా, పోస్టుమాస్టరు మాత్రము కొండవలె చలింపడయ్యె. “చెల్లెమ్మా, సీరియల్ ఆఖరి భాగం. ఆ పిల్ల తండ్రెవరో ఇప్పుడే తెలియబోతోంది.”

“ఆ డాక్టరే అన్నయ్యా. ఇక కట్టెయ్!”

ఆ వాగ్బాణము తగిలి ఆ వృద్ధవీరుడు ఫోనుతో సహా కుర్చీలో ఒరిగిపోయెను. తెరమీద బొమ్మ కదిలెను.

“ఆ ఊరికి సేవలు పూర్తిగా అందాయి మేడమ్. ఆ పెద్దావిడనే అడగండి,” అని కంపెనీ వకీలు కమిటీ ఎదుట ధీమాగా పలుకుచుండెను.

“మీ ఊళ్ళో ఇంటర్నెట్ వస్తోందామ్మా?” అని అధ్యక్షురాలు అడిగెను.

“బ్రహ్మాండంగా వస్తోందండీ.” వకీలు ముఖము పున్నమియయ్యెను. “దాంతోపాటు ఊరు కూడా వస్తోంది. చూడండి.”

అని నెట్టత్త ఫోనును వరండావైపు త్రిప్పెను. మెట్లమీద ఒకరి ఒడిలో ఒకరు, పూలకుండీల నడుమ చంటిబిడ్డ తల్లి, కిటికీ ఊచలు పట్టుకొని ఒక మేష్టారు శాసనకర్తలకు దర్శనమిచ్చిరి.

“వకీలు గారి లెక్క తప్పేం కాదండీ. ఊరంతా ఒక్క ఇంట్లోనే ఉంది. నా కుర్చీ కనిపిస్తోందా? అదిగో, ఆయన కింద.”

కమిటీ బల్లలు చరచి నవ్వెను. అంతట ప్రతి ఇంటినీ లెక్కించవలెనని ఒక పక్షము, కంపెనీ మునిగిపోవునని మరొక పక్షము ఘోరముగా తలపడి, మైకులు అరచి, టీ చల్లారి, చివరకు మహత్తరమైన రాజీ ఒకటి ప్రభవించెను. చట్టములో ‘ఒక్క ఇంటికి’ అన్నచోట ‘రెండు ఇళ్ళకు’ అని మార్చి, సభ సైతము దానిని ఆమోదించెను.

రెండవ తీగ టైలరమ్మ ఇంటికి చేరిన మధ్యాహ్నము, సైన్యములో సగము అటు తరలిపోయెను. పోస్టుమాస్టరు కదలలేదు; కుర్చీ విడువలేదు. అయినను నెట్టత్త ఖాళీయైన మెట్లమీద చాప పరచి, గోడకు చేరబడి, సర్వలోకములు వీక్షించుచుండగా కాళ్ళు చాపెను.

“చెల్లెమ్మా, కాస్త కాళ్ళు ముడుచుకుంటావా? దారికి అడ్డంగా ఉన్నాయి,” అని సాయంత్రపు టీకి ఇంటికి బయలుదేరిన పోస్టుమాస్టరు పలికెను.

“చుట్టూ తిరిగి వెళ్ళన్నయ్యా.”

ఆయన చుట్టూ తిరిగి వెళ్ళెను. ఈ విధముగా రాష్ట్ర శాసనసభ యావత్తూ శ్రమించి, ఒక స్త్రీకి ఆమె సొంత వరండాలో మూడు మెట్లు సాధించిపెట్టెను. జయము! జయము!