టామరాక్ కౌంటీలో ఎవరూ పడలేదు

మనిషి చెట్టు మీదినుంచి పడటమనే దురాచారాన్ని టామరాక్ కౌంటీ సమూలంగా నిర్మూలించి ఈ నవంబరుకు ఇరవై మూడేళ్లు నిండాయి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన, ఏటా తొమ్మిది రోజులపాటు సగం జనాభా నారింజ రంగు కోట్లు తొడుక్కుని, దుప్పుల కోసం చెట్ల మీద మంచెలు కట్టుకుని కూర్చునే చోట ఇది చిన్న విజయం కాదు. చుట్టుపక్కల కౌంటీలలో ఏటా పదిమందో పన్నెండుమందో పడుతూనే ఉన్నారు. టామరాక్‌లో సున్నా. ఆ సున్నాను ఇత్తడితో పోతపోయించి కౌంటీ మంచె భద్రతా కార్యాలయం గోడకు బిగించారు. (బిగించడానికి నిచ్చెనెక్కిన మనిషి ఆ తర్వాత ఆరు వారాలు పనిలోకి రాలేదు. కారణం రికార్డుల్లో లేదు.)

ఈ ఘనతకు మూలం ఏడో నంబరు ఫారం. పడినవాడు పడిన రోజే స్వయంగా రెండో అంతస్తుకు మెట్లెక్కి వచ్చి, నిలబడి, దాని మీద సంతకం చేయాలి. మెట్లెక్కలేనివారి ఫారాలు అందవు. ఎక్కి రాగలిగినవారిని గుమాస్తా ఆపాదమస్తకం చూసి, "బాగానే ఉన్నారుగా" అని ఫారం లోపల పెట్టేసుకుంటుంది.

ప్రజలూ సహకరించారు. తమ బాధ పైకి చెప్పుకోవడం అక్కడివారికి మర్యాదగా తోచదు. వేట శిబిరాల్లో "పడ్డాడు" అనరు, "కిందికొచ్చాడు" అంటారు. మైలో ఎంగెబ్రెట్‌సన్ నిరుడు పద్దెనిమిది అడుగుల ఎత్తునుంచి కిందికొచ్చాడు. వాళ్ల నాన్న అదే చెట్టు నుంచి మూడుసార్లు కిందికొచ్చాడు. మూడోసారి వచ్చాక ఇక ఎక్కలేదు.

డెల్మర్ క్విస్ట్‌కు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాడు కాబట్టి కిందికి రావడం గురించి ఆయనకు కొన్ని పాతకాలపు అభిప్రాయాలున్నాయి. కౌంటీ అడవిలో, బీవర్లనే నీటి జంతువులు కొమ్మలతో గట్టుకట్టిన మడుగు ఒడ్డున ఆయనకు కేటాయించిన ఓక్ చెట్టు ఒకటుంది. దాని మీద మంచె, మంచె పక్కన మానుకు బిగించిన ఒక ఇనుప కొక్కెం. ఆ కొక్కెం భార్య ఆర్డిస్ బిగించింది, కాఫీ థర్మాస్ తగిలించుకోవడానికి. ఆమె పోయి మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఆయన ఒక్క తూటా కాల్చలేదు. ఎక్కి, థర్మాస్ కొక్కేనికి తగిలించి, కూర్చుంటాడు. ఆకులు రాలిన నవంబరులో అక్కడినుంచి సొంత వంటింటి పొగగొట్టం కనిపిస్తుంది. అప్పుడప్పుడూ ఓ చికడీ పిట్ట వచ్చి తుపాకీ గొట్టం మీద వాలి, ఆయన ఉన్నాడో లేడో చూసుకుని వెళుతుంది. అంతకు మించి ఆయన ఆ చెట్టును ఏమీ అడగలేదు.

ఆర్డిస్ బతికున్నన్నాళ్లూ సీజను మొదటి ఉదయం ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి రక్షణ పట్టీ తానే తొడిగేది. తొడలకు రెండు బకిళ్లు, ఛాతీకి ఒకటి. చెట్టుకు కట్టుకునే తాడు వీపు వెనక తగులుకునే చోట రెండుసార్లు గట్టిగా గుంజి చూసేది. "ఇది లేకుండా ఎక్కనని చెప్పు" అనేది. ఆయన చెప్పేవాడు. ఆఖరి ఏడాది ఆసుపత్రి మంచం మీద పడుకునే ఆ మాట చెప్పించుకుంది.

అట్లాంటి మనిషి మీదికి ఈ ఏడాది పద్నాలుగో నిబంధన వచ్చి పడింది. (పడటం నిబంధనలకు అనుమతించబడింది.)

సీజనుకు ముందటి ఆదివారం అగ్నిమాపక కేంద్రంలో తనిఖీ పెట్టారు. ఒక మూల పాన్‌కేకులు, ఒక మూల భద్రత. భద్రత బల్ల వెనక పర్యవేక్షకుడు క్లెమెన్స్ వ్రోబెల్ కూర్చున్నాడు. ఒకప్పుడు డెల్మర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడు. డెల్మర్ తెచ్చిన పట్టీని మడిచి సంచిలో పెట్టి, సంచి మూతికి సీసం బిళ్ల నొక్కాడు.

"అంతే మాస్టారూ. సీజను అయ్యేదాకా ఈ సీలు తెగకూడదు."

"తెగకపోతే తొడుక్కోవడం ఎట్లాగయ్యా?"

"తొడుక్కోవడం ఎందుకండీ?"

"పడకుండా."

"మన దగ్గర ఎవరూ పడరు కదండీ." క్లెమెన్స్ తన చొక్కాకున్న చిన్న ఇత్తడి సున్నాను తట్టి చూపించాడు. "చూడండి. వాడితే పట్టీ అరుగుతుంది. అరిగిన పట్టీ ప్రమాదం. వాడకుండా ఉంచితే కొత్తదిలా ఉంటుంది, కొత్తదే క్షేమం. అందుకే సీలు."

"మరి అడవికి తీసుకెళ్లాలా, ఇంట్లో పెట్టుకోవాలా?"

"అమ్మో, వెంట ఉండి తీరాలండీ. పట్టీ లేకుండా చెట్టెక్కితే చూస్తూ ఊరుకోం. అది ప్రాణాలతో చెలగాటం."

"పోనీ ఇంకోటి కొనుక్కుని, అది తొడుక్కుంటాను."

"దానికీ సీలేస్తాం. ఎన్ని తెచ్చినా వేస్తాం మాస్టారూ, విసుక్కోం."

"భూమ్యాకర్షణ పరీక్షలో నీకెన్ని మార్కులిచ్చాను క్లెమెన్స్?"

"ముప్పై ఎనిమిదండీ."

"ఎక్కువిచ్చాను."

వరసలో వెనక నిలబడ్డ వర్జిల్ పకపకా నవ్వాడు. వర్జిల్ నోర్డాల్ ఆర్డిస్ తమ్ముడు, డెల్మర్‌కు బావమరిది. ఆ ఓక్ చెట్టు కోసం తొమ్మిదేళ్లుగా కౌంటీ జాబితాలో మొదటివాడు, ఆఖరివాడు కూడా. సీలు తెంపినవాడి చెట్టు జాబితాలో తర్వాతివాడికి పోతుందని నిబంధన.

"బావా, మొహమాటపడకు. తెంపేసెయ్," అన్నాడు. "ఆ మంచె మీద పరుచుకోవడానికి నేను దిండు కూడా కొని పెట్టుకున్నా."

"దిండు చెట్టు కింద పరుచుకోరా," అన్నాడు డెల్మర్. "నీకక్కడే పనికొస్తుంది."

శనివారం తెల్లవారుతుండగా ఇద్దరూ మడుగు గట్టున నడిచి వెళ్లారు. రాత్రి సన్నగా వాన కురిసి గడ్డకట్టింది. కొమ్మలన్నీ గాజు గొట్టాల్లా మెరుస్తున్నాయి. వర్జిల్ తన సీలు సంచిని పెళ్లికొడుకు దండలా మెడలో వేసుకున్నాడు. ఓక్ చెట్టు దగ్గర డెల్మర్ ఆగి, జేబులోంచి చిన్న కత్తి తీసి, తన సంచి సీలు తెంపాడు.

వర్జిల్ నవ్వలేదు. "బావా, నిజంగానే తెంపేశావా? నేనేదో వేళాకోళానికన్నాను."

"మీ అక్కకు మాటిచ్చాను."

"చెట్టు పోతుంది."

"పోతుంది."

డెల్మర్ తొడల బకిళ్లు పెట్టుకున్నాడు, ఛాతీది పెట్టుకున్నాడు. వీపు వెనక చెయ్యి అందలేదు. మూడేళ్లుగా గోడకు ఆనుకుని ఏదో అవస్థ పడుతూ వచ్చాడు. అది కాసేపు చూసి, వర్జిల్ చేతి తొడుగులు తీసి పళ్లతో పట్టుకున్నాడు.

"అటు తిరుగు," అన్నాడు. రెండుసార్లు గట్టిగా గుంజాడు. "అక్క ఇట్లాగే చేసేది కదా?"

"ఇట్లాగే."

"నువ్వు కూడా తొడుక్కోరా," అన్నాడు డెల్మర్ ఇటు తిరిగాక.

"సీలు తెగితే నా చెట్టూ పోతుంది బావా. దాని జాబితాలో మళ్లీ అడుగునుంచి మొదలెట్టాలి." సంచిని భద్రంగా ఛాతీ మీదికి సర్దుకుని, రెండు వందల అడుగుల అవతలున్న తన మంచెవైపు వెళ్లిపోయాడు.

డెల్మర్ తూటాలు తీసిన తుపాకీని తాడుకు కట్టి కింద వదిలాడు, ఎక్కాక పైకి లాక్కోవడానికి. పట్టీ తాడును మంచె పైనుంచి నేలదాకా మాను వెంట కట్టి ఉంచిన రక్షణ తాడుకు తగిలించుకున్నాడు. రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ నిచ్చెన మీదే ఉంచుతూ, తొందరపడకుండా ఎక్కాడు. పై మెట్టు నుంచి మంచె మీదికి కాలు మార్చేచోట మంచు గడ్డ ఉంది. కాలు జారింది. ఆయన రెండడుగులు కిందికి జారి ఆగిపోయాడు. తొడల దగ్గర పట్టీ బిగిసి, గాలిలో మెల్లగా తిరుగుతూ వేలాడాడు.

తిరగడం ఆగేసరికి ఎదురుగా పొగగొట్టం కనిపించింది. పొద్దున ఆర్పడం మరిచిన పొయ్యి పొగ నిటారుగా లేస్తోంది. ఇంటికెళ్లాక కాఫీ వెచ్చగా ఉంటుందనుకున్నాడు. పట్టీకున్న ఉచ్చులో కాలు పెట్టి బరువు తేలిక చేసుకుని, నిచ్చెన అందుకుని, మెట్టు మెట్టుగా దిగాడు.

అప్పుడే అవతల చప్పుడైంది. పిండి బస్తాను బండి మీదినుంచి దించేసినట్టు.

వర్జిల్ తన మంచె కింద మంచులో వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్లు రెండూ కాళ్లు తిరగకూడని దిక్కుకు తిరిగి ఉన్నాయి. మెడలో సంచి ఉంది. సీలు చెక్కుచెదరలేదు.

"పడ్డావా?" అన్నాడు డెల్మర్ పక్కన కూలబడుతూ.

"లేదు బావా." పళ్లు కొట్టుకుంటున్నాయి. "కిందికొచ్చాను."

డెల్మర్ ఫోన్ చేశాడు. స్ట్రెచర్ మోసేవాళ్లతోపాటు క్లెమెన్స్ కూడా వచ్చాడు. రాగానే తన కోటు విప్పి వర్జిల్ మీద కప్పాడు. ఆ తర్వాతే రిజిస్టరు తెరిచాడు. (ఈ క్రమం నిబంధనల్లో లేదు. క్లెమెన్స్ మంచివాడు.) వర్జిల్ మెడలో సంచిని రెండు వైపులా తిప్పి చూసి, "ఆదర్శప్రాయం" అని రాసుకున్నాడు.

"వర్జిల్ గారూ, రెండో అంతస్తుకొచ్చి సంతకం పెట్టగలరా ఇవాళ?"

వర్జిల్ తన కాళ్లవైపు చూశాడు. "కష్టమే."

"అయితే పడలేదు." క్లెమెన్స్ డెల్మర్‌వైపు తిరిగాడు. ఒంటి మీది పట్టీని చూసి, కళ్లు దించుకున్నాడు. "మాస్టారూ, మీరు కూడా..."

"నేను పడ్డాను. రెండడుగులు. రాసుకో."

"నేల తాకారా?"

"లేదు. పట్టీ పట్టుకుంది."

"నేల తాకితేనే పడటమండీ. మీరు పడలేదు. పడనప్పుడు పట్టీ తెరవాల్సిన అవసరం కూడా లేదు." క్లెమెన్స్ కలం ఆగింది. "నాకేం బాగాలేదండీ, ఇది రాయడం."

"రాయి నాయనా. అక్షరాలు మాత్రం కుదురుగా రాయి."

సీజను ముగిశాక నోటీసు బోర్డు మీద వార్షిక నివేదిక అంటించారు. పడినవారు: ఎవరూ లేరు. నిబంధన అతిక్రమించినవారు: ఒకరు. డెల్మర్ క్విస్ట్ ఓక్ చెట్టును జాబితాలో మొదటివాడైన వర్జిల్ నోర్డాల్‌కు బదలాయించారు. కట్లు విప్పాక స్వాధీనం చేసుకోవచ్చని కింద రాశారు.

"నాకొద్దు బావా ఆ చెట్టు," అన్నాడు వర్జిల్, పిండికట్టులో ఉన్న రెండు కాళ్లూ డెల్మర్ ఇంటి సోఫా మీద చాపుకుని. ఇంట్లో ఒంటరిగా ఉండలేడని డెల్మరే తెచ్చి పెట్టుకున్నాడు. చాలాకాలానికి ఆ ఇంట్లో రెండు కప్పులు కడగాల్సి వస్తోంది.

"పుచ్చుకోరా. కొక్కెం మాత్రం పీకకు."

"పుచ్చుకుంటే సీలు తెంపుతాను, చెప్తున్నా."

"తెంపు. ఆ చెట్టుకు నీ తర్వాత జాబితాలో ఎవరున్నారో కనుక్కున్నావా?"

"ఎవరు?"

"సోమవారం పొద్దున్నే వెళ్లి నా పేరు రాయించాను."

వర్జిల్ చాలాసేపు నవ్వి, నవ్వితే కాళ్లు నొప్పెడుతున్నాయని తిట్టి, కాగితం, కలం తెమ్మన్నాడు. వచ్చే ఏడాది సీజను మొదటి ఉదయం, తాను మంచె ఎక్కే ఆ ఐదు నిమిషాలు, తన బావను చెట్టు కింద నిలబడనివ్వాలని కార్యాలయానికి వినయంగా అర్జీ రాశాడు. వీపు వెనక పట్టీ గుంజి చూడటానికన్న మాట రాయకుండా, కారణం అన్నచోట "కుటుంబ సంబంధం" అని రాశాడు.

జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది. అర్జీని సానుభూతితో పరిశీలించామని, అయితే సీజనులో మంచెల కింద ఎవరూ నిలబడరాదని, ఆ స్థలాన్ని వేటగాళ్లు కిందికి రావడానికి వాడుకుంటున్నారని అందులో ఉంది.